కరెంటు అక్కర్లేని పరికరం

ఆవిడ పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి ఆసుపత్రిలో పక్క వార్డు వాళ్ళంతా ఉలిక్కిపడి లేచి కూర్చున్నారట. ఇది వాళ్ళ నాన్న చెప్పిన మాట. ఆయన కర్రల మిల్లు నడిపేవాడు, ఏ సంగతైనా కాస్త పెంచి చెప్పే అలవాటు కూడా ఉంది. కాబట్టి పక్క వార్డు అన్నది పక్క మంచం అయి ఉండవచ్చు. కానీ ఆవిడ గొంతు ఒక్కసారి విన్నవాళ్ళెవరూ ఆ మాటని కొట్టిపారెయ్యరు.

మిల్లు వెనకే ఇల్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రంపం మోత. ఆ మోతలో నాన్నని భోజనానికి పిలవాలన్నా, అన్నయ్యని తిట్టాలన్నా గొంతు చించుకోవలసిందే. తల్లీ అరిచేది, కూతురూ అరిచేది. ఆ ఇంట్లో దాన్ని అరుపు అనరు, మామూలుగా మాట్లాడుకోవడం అంటారు. తీరా బడికి వెళ్ళాక తెలిసింది, మిగతా వాళ్ళ ఇళ్ళలో రంపాలు ఉండవని. ఈ పిల్ల లేచి పాఠం అప్పజెబితే పక్క తరగతి పిల్లలకి కూడా వచ్చేసేది. ఓ రోజు టీచరమ్మ రెండు చెవులూ మూసుకుని, "తల్లీ మైకూ, కాస్త తగ్గించమ్మా!" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరు ఉద్యోగం కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. మనం కూడా మైకు అనే అందాం. ఆవిడేమీ అనుకోదు.

ఇప్పుడు అనుకోదు గానీ, ఒకప్పుడు అనుకునేది. చాలా అనుకునేది.

ఎందుకంటే ఆవిడ పెళ్ళి చేసుకున్నది గడియారాలు బాగుచేసే మనిషిని. పగలల్లా వాచీలు చెవి దగ్గర పెట్టుకుని వినే ఉద్యోగం ఆయనది. చీమ చిటుక్కుమన్నా తెలిసిపోయే చెవులు. మనిషి మంచివాడు, ఒక్కనాడూ విసుక్కోలేదు. కానీ పెళ్ళయిన కొత్తలో ఈవిడ వంటింట్లోంచి "ఏమండీ, టీ తాగుతారా?" అని అడిగితే చేతిలో ఉన్న చిన్న మర ఎగిరి ఎక్కడో పడింది. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ సాయంత్రం దాకా వెతికారు. ఆ మర దొరకనే లేదు. అత్తగారైతే సరేసరి. కోడలు నోరు తెరవకముందే "మెల్లగా, మెల్లగా" అని చేత్తో గాలిని నొక్కేది. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని ఆవిడ బెంగ.

పాపం, మైకు నేర్చుకుంది. గొంతుని లోపలికి మింగడం నేర్చుకుంది. బీచి నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసులో ఉద్యోగం వచ్చేనాటికి ఆవిడ మాట ఎంత సన్నబడిందంటే, ఎదుటివాళ్ళు "ఆఁ? ఏమన్నారు?" అని అడగవలసి వచ్చేది. ఇంట్లో అందరూ సంతోషించారు. ఆవిడకి మాత్రం పొద్దస్తమానం బిగుతు చెప్పులు వేసుకున్నట్టు ఉండేది.

ఆఫీసు అంటే ఏదో పెద్ద భవనం అనుకునేరు. నీటి పంపుల షెడ్డు మీద రెండు గదులు. ఒక గది ల్యాబు, రెండో గదిలో ఆఫీసరు గారు, మైకు, ఒక బీరువా. సీజనులో రోజూ పొద్దున్నే ల్యాబ్ అమ్మాయి సముద్రంలో మోకాలి లోతుకి దిగుతుంది. సీసాని బోర్లా ముంచి, నీటి అడుగునే పైకి తిప్పి నింపి, ఐసు పెట్టెలో పెట్టుకుని పరుగున వస్తుంది. ఆ నీళ్ళు చిన్న చిన్న గుంతలున్న ట్రేలో పోసి ఒక రోజంతా వేడి పెట్టెలో ఉంచాలి. మర్నాడు నీలి దీపం కింద పెడితే, గుంతలు మెరిసాయంటే నీళ్ళలో మురుగు కలిసినట్టు. మెరవకపోతే హాయిగా ఈతలు కొట్టుకోవచ్చు. నిన్నటి నీళ్ళ కబురు ఇవాళ తెలుస్తుంది, అంతకన్నా త్వరగా తెలిసే దారి వాళ్ళ దగ్గర లేదు.

ఈ వ్యవహారమంతా ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తుంది. గ్రాంటు ఆగకుండా రావాలంటే ఏటేటా నివేదిక వెళ్ళాలి. ఆ నివేదిక రాసే పని మైకుది. ఆ పని ఆవిడకి ప్రాణం.

ఎందుకని అడగండి. ఆఫీసు భాష అరవదు. "తెలియజేయడమైనది" అంటుంది గానీ "చెప్పాను" అనదు. "తగు చర్యలు గైకొనబడినవి" అంటుంది, ఎవరు గైకొన్నారో చెప్పదు. అంత మెత్తటి భాష మైకు జీవితంలో ఎక్కడా వినలేదు. నోటితో సాధించలేని మర్యాదంతా ఆవిడ కలంతో సాధించింది. నివేదిక చదివి ఆఫీసరు గారు "ఆహా, ఏం రాశారమ్మా!" అన్న రోజున ఇంటికి వెళుతూ దారి పొడవునా తనలో తాను నవ్వుకుంది. బీచి దగ్గర పెట్టే హెచ్చరిక బోర్డు రాసే అవకాశం కూడా ఆవిడకే దక్కింది. వారం రోజులు తలబద్దలు కొట్టుకుని రాసింది. చదవండి మీరే:

"తీరప్రాంత స్నానయోగ్య జలములయందు సూచిక సూక్ష్మజీవుల సాంద్రత నిర్దేశిత పరిమితిని అధిగమించి యున్నందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు జలావగాహనము వాంఛనీయము కాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

నీలం రంగు రేకు మీద తెల్లటి అక్షరాలు. మురుగు కలిసిన రోజున బోర్డు మూత తీసి, పక్కన ఎర్ర జెండా కట్టేవారు. ఏళ్ళు గడిచాయి. ఏటా నివేదికలో "ప్రజలకు తగు రీతిన తెలియజేయడమైనది" అని ఒక వాక్యం పడేది, పై ఆఫీసు వాళ్ళు ఏటా దాన్ని ఒప్పుకునేవారు.

ఆ ఏడాది ఒప్పుకోలేదు. సీజను మొదట్లోనే ఒక సర్క్యులరు దిగింది. నీళ్ళు పరీక్ష చేశారు సరే, బోర్డు పెట్టారు సరే, ఆ బోర్డు చూసి నీళ్ళలోంచి బయటికి వచ్చినవాళ్ళు ఎందరు? ప్రతి కేంద్రం కళ్ళారా చూసి లెక్క పంపాలి. హెచ్చరిక జనానికి చేరుతోందని రుజువు లేకపోతే వచ్చే ఏడు గ్రాంటు లేదు, కేంద్రానికి తాళం.

ఆఫీసరు గారు చెమట తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఏముందమ్మా, ఎనభై శాతం అని రాసి పారెయ్యండి. తొంభై అంటే నమ్మరు."

"ఓసారి వెళ్ళి చూసి రాస్తాను సార్," అంది మైకు సన్నగా.

"ఆఁ? ఏమన్నారు?"

"చూసి రాస్తానండీ."

నిజం చెప్పాలంటే ఆవిడకి భయమేమీ లేదు. తను రాసిన బోర్డు చదివి జనం బుద్ధిగా ఒడ్డుకి వచ్చే దృశ్యం కళ్ళారా చూడాలని ఉబలాటం. అంత చక్కటి వాక్యం చదివాక ఎవరు మాత్రం దిగుతారు?

మూడు రోజులు వాన కురిసి వెలిసింది. ట్రేలో గుంతలన్నీ నీలంగా మెరిసిపోయాయి. ల్యాబ్ అమ్మాయి జెండా కట్టి, బోర్డు మూత తీసింది. మైకు పెన్నూ అట్టా పట్టుకుని సిమెంటు మెట్ల మీద నిలబడింది. ఎడమ పక్క పెద్ద మురుగు గొట్టం, కుడి పక్క రాళ్ళ గుట్ట, మధ్యన పొడుగాటి ఇసుక. ఆదివారం కావడంతో జనం బాగానే ఉన్నారు.

ఒకాయన బోర్డు దగ్గరికి వచ్చి ఆగాడు. మైకు పెన్ను మూత తీసింది. ఆయన ప్యాంటు విప్పి, మడత పెట్టి, బోర్డు మీద ఆరేసి నీళ్ళలోకి పరుగెత్తాడు. ఇద్దరు కుర్రాళ్ళు జెండా కేసి చూశారు. "అలలు పెద్దగా ఉన్నాయంట్రా," అన్నాడొకడు. "ఎక్కడున్నాయి? పళ్ళెంలో నీళ్ళలా ఉంటేనూ," అని రెండోవాడు దూకేశాడు. ఆ తర్వాత వచ్చింది అత్తగారు, తన మోకాళ్ళ నొప్పుల బృందంతో సహా. ఉప్పునీళ్ళలో నిలబడితే నొప్పులు తగ్గుతాయని వాళ్ళకి ఎవరో చెప్పారు. ప్రతి ఆదివారం వస్తారు.

"నువ్వేంటే ఇక్కడ?" అంది అత్తగారు.

"అత్తయ్యా, దిగకండి. బోర్డు చదవలేదా?"

"చదవకేం? ఎప్పుడో చదివాను. ఏదో వేలం పాట నోటీసు కదూ."

"వేలం పాటా? నేను రాసిందండీ అది!"

అత్తగారు కళ్ళు చిట్లించి మళ్ళీ ఒకసారి బోర్డు వైపు చూసింది. ప్యాంటు కాళ్ళ సందున రెండు ముక్కలు కనిపించాయి. "నువ్వు రాశావా? బాగుందే. అర్థం కాలేదు గానీ చాలా బాగుంది," అని కోడలి భుజం తట్టి, స్నేహితురాళ్ళ చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయింది.

పోనీ నలుగురిలో ఒకరికైనా అర్థమవుతుందేమోనని మైకు చూసింది. ఎవరూ చదవనే లేదు. అట్ట మీద కాగితం తెల్లగా అలాగే ఉంది. ఇన్నేళ్ళూ తను ఎవరితో మాట్లాడుతున్నట్టు? ఆ నీలం రేకుతోనా? సరిగ్గా అప్పుడే మురుగు గొట్టం పక్కన ఒకావిడ చంటిబిడ్డని చంకన వేసుకుని నీళ్ళలో కూర్చోవడం, దోసిట్లో నీళ్ళు తీసి ఆ బిడ్డ మొహం కడగడం కనిపించింది. బిడ్డ కేరింతలు కొడుతూ నోరు తెరిచింది.

అప్పుడు మైకు ఏమీ ఆలోచించలేదు. ఏళ్ళ తరబడి మింగి దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"బయటికి రండీ! నీళ్ళల్లో మురుగునీళ్ళు కలిశాయీ! బిడ్డని తీసెయ్ తల్లీ, బయటికి రా! అందరూ బయటికి రండీ!"

అబ్బ, ఏం గొంతండీ అది! రాళ్ళ గుట్ట అవతల గాలం వేసుకుని కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. గొట్టం మీద పిట్టలన్నీ ఎగిరిపోయాయి. బిడ్డతల్లి ఒక్క ఉదుటున ఇసుక మీద పడింది. వెనకే కుర్రాళ్ళు, ప్యాంటు లేని పెద్దమనిషి, అందరూ నీళ్ళు కారుతూ ఒడ్డెక్కారు. అందరికన్నా ముందు ఒడ్డున ఉన్నది అత్తగారు. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో భగవంతుడికే ఎరుక.

చుట్టూ మూగి అడిగారు. మైకు విడమరచి చెప్పింది. వానకి మురుగు పొంగి సముద్రంలో కలిసింది, మింగితే వాంతులు, విరేచనాలు, పిల్లలకి మరీ ప్రమాదం, రేపు మళ్ళీ పరీక్ష చేసి చెబుతాం. అంతా తలలూపారు. పెద్దమనిషికి మాత్రం కోపం వచ్చింది. "ఇంత పెద్ద విషయం ఓ బోర్డు మీద రాసి పెట్టొచ్చు కదమ్మా?"

"రాశామండీ."

"ఎక్కడ?"

"మీ ప్యాంటు కింద."

ఆయన ప్యాంటు తీసి పైనుంచి కిందిదాకా చదివాడు. కింద నుంచి పైకి కూడా చూశాడు. ప్యాంటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ పూట మళ్ళీ ఎవరూ నీళ్ళలో కాలు పెట్టలేదు.

బోర్డు మార్చేద్దామని మైకు మర్నాడే ఆఫీసరు గారిని అడిగింది. ఆయన బీరువా తీసి చూపించారు. బోర్డు మీది ప్రతి అక్షరం గ్రాంటు ప్రణాళికలో ఆమోదం పొందింది, మార్చాలంటే మళ్ళీ ప్రణాళికే మార్చాలి, అది వచ్చే ఏటి మాట. "అయితే నేనే వెళ్ళి చెబుతాను సార్," అంది మైకు. ఈసారి ఆయన "ఆఁ?" అనలేదు. మొదటిసారే వినిపించింది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే, ట్రే చూడగానే, మెట్లు దిగి బీచికి వెళ్ళేది. మురుగు ఉన్న రోజున "దిగకండీ!" అని అరిచేది. ఓ వారం పోయాక ఎవరో అడిగారు, "బాలేనప్పుడు చెబుతున్నారు సరే, బాగున్నప్పుడు ఎవరు చెబుతారండీ?" అదీ నిజమేననిపించి, బాగున్న రోజున "దిగండీ!" అని కూడా చెప్పడం మొదలుపెట్టింది.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "రోడ్డున పడి అరవడం ఏమిటే? మార్కెట్టులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది అత్తగారు, తను ఆ రోజు అందరికన్నా ముందు ఒడ్డెక్కిన సంగతి మరిచిపోయి. మైకు భర్త కేసి చూసింది. ఆయన వాచీ మీంచి తల ఎత్తలేదు. "నా కొట్లోకి కూడా వినిపిస్తోంది," అన్నాడు.

మైకు తల వంచుకుని వెళ్ళబోయింది.

"బాగుంది," అన్నాడు. "పొద్దున్నే నువ్వెక్కడున్నావో తెలుస్తోంది. ఇంట్లో ఉన్నా తెలిసేది కాదు ఈమధ్య."

ఆ మాటకి మైకు వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అలా అని ఎవరికీ చెప్పలేదు.

సీజను సగం గడిచేసరికి నివేదిక గడువు వచ్చింది. కంప్యూటర్లో ఫారం తెరిచారు. హెచ్చరిక ఎలా ఇచ్చారు? బోర్డు, రేడియో, సైరను, ఇతర పరికరం. ఈ నాలుగింట్లో ఒకటి నొక్కకపోతే ఫారం ముందుకి కదలదు. మైకు "ఇతర పరికరం" నొక్కింది. వెంటనే కింద బోలెడన్ని గళ్ళు తెరుచుకున్నాయి. పరికరం పేరు? గొంతు అని కొట్టింది. ఎంత దూరం వినిపిస్తుంది? మురుగు గొట్టం నుంచి రాళ్ళ గుట్ట అవతలి దాకా. విద్యుత్ అవసరం? లేదు. నిర్వహణ? వేడినీళ్ళు, ఉప్పు.

ఆఫీసరు గారు భుజం మీంచి చూసి కుర్చీ పట్టుకున్నారు. "ఏమిటమ్మా ఇది! పరువు తీస్తారా?"

"అడిగింది రాశాను సార్. అబద్ధం ఏదైనా ఉందా చెప్పండి."

ఆయన ప్రతి గడీ మళ్ళీ చదివారు. అబద్ధం దొరకలేదు. గడువు ఆ రోజే. ఇక చేసేది లేక నొక్కేశారు. ఆవిడ ఎర్ర జెండా రోజుల్లో నిలబడి రాసుకున్న లెక్కలు కూడా వెళ్ళాయి. హెచ్చరిక వినగానే నీళ్ళలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ బయటికి వచ్చారని.

జవాబు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఏ కేంద్రమూ ఇలాంటి లెక్కలు పంపలేదనీ, ఇవి నమ్మశక్యంగా లేవనీ, పరికరాన్ని స్వయంగా పరిశీలించడానికి తనిఖీ అధికారిణి వస్తున్నారనీ, తప్పుడు నివేదిక అని తేలితే గ్రాంటు అక్కడికక్కడే నిలిపివేయబడుననీ దాని సారాంశం. ఆఫీసరు గారి పై ప్రాణాలు పైనే పోయాయి. ల్యాబ్ అమ్మాయి మొహం పాలిపోయింది. "అక్కా, తాళం పడితే ఈ నీళ్ళ సంగతి ఎవరు చూస్తారు? జనం మళ్ళీ ఏది పడితే అందులో దిగేస్తారు కదా!" తను రాసిన నాలుగు ముక్కల వల్ల ఇంత మంచి పని ఆగిపోతుందా అని ఆ పూట మైకుకి ముద్ద దిగలేదు.

తనిఖీ రోజు రానే వచ్చింది. పొద్దున్నే నీలి దీపం వెలిగించారు. ముగ్గురూ ట్రే మీదికి వంగారు. ఒక్క గుంత మెరవలేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

మామూలు రోజైతే పండగ చేసుకునేవారు. ఆఫీసరు గారు మాత్రం తల పట్టుకున్నారు. "నీళ్ళు ఇవాళే బాగుండాలా! మీరు అరిస్తే జనం బయటికి రావడం ఆవిడకి ఎలా చూపిస్తాం? అమ్మా, ఒక్కసారికి, ఈ ఒక్కసారికి మురుగుందని అరవండి. ఎవరికి నష్టం?"

"అరవను సార్!"

కింద షెడ్డులో పంపు నడిపే ఆయన బయటికి వచ్చి పైకి చూశాడు. ఆఫీసులో ఆవిడ అసలు గొంతు ఎత్తడం అదే మొదటిసారి.

"ఇవాళ ఉత్తుత్తినే అరిస్తే రేపు నిజంగా మురుగొచ్చిన రోజున ఎవరు వింటారండీ? గ్రాంటు పోతే పోనీండి. ఆ నమ్మకం పోతే మళ్ళీ రాదు."

ఆయన ఇంకేదో అనబోతుండగా తనిఖీ అధికారిణి లోపలికి వచ్చేసింది. పొడుగాటి మనిషి, ముక్కు మీద కళ్ళద్దాలు, చంకలో ఫైలు. నవ్వే అలవాటు ఉన్నట్టు కనిపించలేదు. "ముందు కాగితాలు చూస్తాను, తర్వాత పరికరం," అంది. ట్రేలు చూసింది, సీసాలు చూసింది, వేడి పెట్టె తెరిచి చూసింది, ఏళ్ళనాటి నివేదికలన్నీ బల్ల మీద పరిపించింది. మైకుకి కాలు ఒకచోట నిలవలేదు. "మేడమ్, నేనోసారి బీచికి వెళ్ళి చెప్పొస్తాను, ఈపాటికే..." అనబోయింది. ఆఫీసరు గారు కళ్ళురిమారు. అధికారిణి పేజీ మీంచి తల ఎత్తకుండా "కూర్చోండి. కలిసే వెళదాం," అంది. ఇంకేం చేస్తుంది, కూర్చుంది. కిటికీలోంచి పడే ఎండ బల్ల మీదికి వచ్చింది, బల్ల దాటి గోడెక్కింది. ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నానికి గానీ కాగితాలు అవ్వలేదు.

నలుగురూ సిమెంటు మెట్ల దగ్గరికి చేరారు. అధికారిణి పై మెట్టు మీదే ఆగిపోయింది.

బీచి నిండా జనం. గొట్టం నుంచి రాళ్ళ గుట్ట దాకా జనమే. కానీ నీళ్ళలో ఒక్కరూ లేరు. భుజాన తువ్వాళ్ళతో, గాలి ఊదిన ట్యూబులతో, మండే ఎండలో, వేడి ఇసుక మీద కాలు మార్చి కాలు వేస్తూ అందరూ ఒడ్డునే ఉన్నారు. ముందు సముద్రం తళతళలాడుతోంది. పిల్లలు అలల అంచు దాకా పోయి, పెద్దవాళ్ళు కేకేస్తే వెనక్కి వస్తున్నారు. బోర్డుకి మూత వేసి ఉంది. జెండా లేదు.

"నీళ్ళు బాగున్నాయని కదా ల్యాబులో చూశాం?" అంది అధికారిణి. "మరి వీళ్ళెందుకు దిగలేదు?"

ఆవిడ గబగబా మెట్లు దిగి, అన్నిటికన్నా ముందున్న ఓ పెద్దావిడని పట్టుకుంది. ఆ పెద్దావిడ ఎవరనుకున్నారు? మన అత్తగారే. "ఏమండీ, ఎందుకు నిలబడ్డారు ఇక్కడ?"

"ఏం చెయ్యనమ్మా? మా కోడలు ఇంకా చెప్పలేదు."

"జెండా లేదు కదా? బోర్డు కూడా మూసే ఉంది."

"ఆ జెండాలూ బోర్డులూ మాకు తెలీవమ్మా. మా కోడలు చెప్పాలి. దిగమంటే దిగుతాం, వద్దంటే వద్దు. పొద్దుటి నుంచి చూస్తున్నాం, ఏ మహానుభావులు పట్టుకుని కూర్చున్నారో ఏమో, ఇంతవరకూ రాలేదు." ఇంతలో మెట్ల మీద మైకు కనిపించింది. అత్తగారు రెండు చేతులూ ఊపింది. "అదిగో! ఎక్కడికి పోయావే? ఎండకి మాడిపోతున్నాం! ఊఁ, చెప్పు, గట్టిగా చెప్పు!"

బీచి అంతా ఒక్కసారి ఇటు తిరిగింది. అన్ని మొహాలూ మైకు నోటి కేసే చూస్తున్నాయి. ఆవిడకి ఆ క్షణంలో ఎంత సంతోషం కలిగిందో చెప్పడం నా వల్ల కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆ గొంతు కోసం ఎదురుచూసినవాళ్ళు ఎవరూ లేరు. ఊపిరి నిండా తీసుకుంది.

"నీళ్ళు బాగున్నాయీ! దిగండీ!"

ఒక్కుమ్మడిగా హోరున అరుస్తూ జనమంతా సముద్రంలోకి పరుగెత్తారు. పిల్లలు, కుర్రాళ్ళు, ప్యాంటు పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పుల బృందం, అందరూ. చూస్తుండగానే ఇసుక ఖాళీ అయిపోయింది. ఒడ్డున ఆఫీసువాళ్ళు నలుగురూ, ఓ గుట్ట చెప్పులూ మిగిలారు. ఆఫీసరు గారు పట్టలేక ఏడ్చేశారు. ల్యాబ్ అమ్మాయి ఆయన చేతికి ఎవరిదో తువ్వాలు అందించింది.

అధికారిణి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఫైలు తెరిచింది. "ఒక చిక్కుంది," అంది గంభీరంగా. "నీళ్ళలోకి దిగినవాళ్ళని రాయడానికి ఫారంలో గడి లేదు. బయటికి వచ్చినవాళ్ళకే ఉంది. అది కళ్ళారా చూడకుండా నేను సంతకం పెట్టకూడదు." అంటూ మైకుని తేరిపార చూసింది. ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. "ఇంకోటి. పరికరం నిర్వహణకి వేడినీళ్ళూ ఉప్పూ అని రాశారు. ఉప్పు ఎంత వేస్తారో రాయలేదు."

మైకుకి నవ్వొచ్చింది. అలాంటిలాంటి నవ్వు కాదు. కర్రల మిల్లులో రంపం మోతని దాటి నవ్విన నవ్వు. పొట్ట పట్టుకుని, మెట్టు మీద కూలబడి, ఊపిరాడకుండా నవ్వింది.

నీళ్ళలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆవిడ గొంతు మళ్ళీ వినిపించిందంటే ఏదో జరిగిందన్నమాటే! అత్తగారు కొంగు ఎత్తిపట్టి అందరికన్నా ముందు ఒడ్డెక్కింది. వెనక పిల్లల్ని చంకనేసుకుని తల్లులు, ట్యూబులు లాక్కుంటూ కుర్రాళ్ళు, సముద్రం సముద్రమంతా ఖాళీ అయి ఇసుక మీదికి వచ్చేసింది. "ఏమైందే? ఏమైంది?" అని అరుస్తోంది అత్తగారు.

"అయ్యో, ఏం లేదు అత్తయ్యా! నవ్వానంతే! వెళ్ళండి, దిగండి!" అని మైకు మళ్ళీ అరవవలసి వచ్చింది. ఇటు తిరిగేసరికి అధికారిణి వేలు గాలిలో ఆడిస్తూ, ఒడ్డెక్కిన తలలు గబగబా లెక్కపెట్టి గడిలో రాసుకుంటోంది.

"మేడమ్, మేడమ్, అది లెక్కలోకి రాదండీ! నేను హెచ్చరించలేదు, నవ్వాను!"

"నవ్వితేనే ఇంతమంది వచ్చారు," అని అధికారిణి సంతకం పెట్టింది. "హెచ్చరిస్తే రారా?"